చిన్న సంచి, గట్టి కుట్టు

అటక మీదున్న పాత బ్యాగుల్ని ఒకసారి కిందికి దించండి. జిప్పు పడనిది ఒకటి, భుజం పట్టీ ఊడొచ్చింది ఒకటి, అడుగున కుట్టు విడిపోయింది ఇంకొకటి కనిపిస్తాయి. ఇప్పుడు వాటి గుడ్డను చేత్తో తడిమి చూడండి. చాలావాటిలో గుడ్డ ఇంకా నిక్షేపంగా ఉంటుంది. ఇంకో నాలుగేళ్ళు వాడుకోగలిగిన గుడ్డ, జానెడు కుట్టు పోయినందుకు అటకెక్కింది.

కొన్న రోజున మనం ఏం చూశాం? రంగు చూశాం. ఎన్ని అరలున్నాయో లెక్కపెట్టాం. ధర తగ్గించమని అడిగాం. పట్టీ సంచికి అతుక్కునే చోటు చూశామా? లోపలివైపు తిరగేసి అంచులు చూశామా? ఈ అధ్యాయంలో మీ చేత ఆ పని చేయించాలన్నదే నా ప్రయత్నం. రోజూ ఆఫీసుకో కాలేజీకో, సెలవు రోజున అనంతగిరి కొండలకో అహోబిలానికో, రెంటికీ తోడొచ్చే ఒక చిన్న కాన్వాస్ బ్యాగు ఎంచుకోవడం మీకు చేతకాని విద్యేం కాదు. ఒక గంట ఓపిక, ఒక కొలత టేపు, ఒక తెల్ల చేతిరుమాలు ఉంటే చాలు.

1. ముందు సామాను, తర్వాత సంచి

షాపుకు వెళ్ళే ముందు ఇంట్లో మంచం మీద రెండు కుప్పలు వేయండి. మొదటిది పనిరోజు కుప్ప. ఉప్పల్ నుంచి మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్ళే అమ్మాయి అనుకుందాం. ఆమె కుప్పలో 14 అంగుళాల ల్యాప్‌టాప్, చార్జరు, టిఫిన్ బాక్సు, లీటరు నీళ్ళ సీసా, మడత గొడుగు, ఏసీ గదిలో వేసుకోవడానికి పల్చటి స్వెట్టరు ఉంటాయి. రెండోది సెలవు రోజు కుప్ప. రెండు లీటర్ల నీళ్ళు, పులిహోర పొట్లం, నాలుగు అరటిపళ్ళు, టోపీ, టార్చి, తువ్వాలు, చిన్న మందుల పొట్లం, వాన కోటు. రెండు కుప్పల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వస్తువులు వేరు గానీ, అవి ఆక్రమించే చోటు దాదాపు ఒకటే. రెంటికీ 16 నుంచి 20 లీటర్ల సంచి సరిపోతుంది.

లీటర్ల లెక్క చూసి భయపడకండి. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 40 పొడవు, 28 వెడల్పు, 14 లోతు ఉన్న సంచి సుమారు 15.7 లీటర్లు. ముందు జేబు కలుపుకుంటే 17 దాటుతుంది. చీటీ మీద 25 లీటర్లని రాసి ఉన్నా, మీ టేపు 17 చూపిస్తే మీ టేపునే నమ్మండి.

సామాను చూసి సంచిని కొలవడం ఎంత మంచి పద్ధతో స్వీడన్ బడి సంచి ఒకటి చెబుతుంది. 1978లో ఫ్యెల్‌రేవెన్ కంపెనీ కోంకెన్ అనే సంచి తెచ్చింది. బడి పిల్లలకు వీపు నొప్పి రాకూడదన్నది ఉద్దేశం. రెండు ఏ4 ఫైళ్ళు పక్కపక్కన పట్టేలా దాని కొలత తీశారు. ఇప్పటికీ దాని మామూలు సైజు 16 లీటర్లే, ఖాళీ బరువు 300 గ్రాముల చిల్లర. దాని గుడ్డ నూలు కాన్వాస్ కాదు, వినైలాన్ అనే కృత్రిమ దారం. అయినా మనం నేర్చుకోవాల్సింది గుడ్డ గురించి కాదు. లోపల ఏం పెడతారో ముందే తేల్చుకుని కుట్టిన సంచి, నలభై ఏళ్ళు దాటినా పెద్దగా ఆకారం మార్చుకోవాల్సిన అవసరం పడలేదు.

మరి ఇంకొంచెం పెద్దది కొంటే నష్టమేమిటి? పెద్ద సంచి ఖాళీగా ఉండదు. మొన్నటి న్యూస్‌పేపరు, నిన్నటి ఖాళీ డబ్బా, ఎప్పుడో ఒకసారి కావాల్సిన రెండో చార్జరు, అన్నీ అందులోకే చేరతాయి. ఆ బరువంతా వేలాడేది రెండు పట్టీల కుట్ల మీద. చిన్న సంచి ఎక్కువ కాలం రావడానికి సగం కారణం దాంట్లో ఎక్కువ పట్టకపోవడమే.

2. బరువు లెక్క కాగితం మీద వేయండి

కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం, పిల్లల బ్యాగు వాళ్ళ శరీర బరువులో 10 శాతం మించకూడదంటుంది. పెద్దలు కూడా రోజువారీ మోతకు ఇదే లెక్క పెట్టుకుంటే మెడకీ భుజాలకీ మంచిది. మీ బరువు 60 కిలోలైతే 6 కిలోలు. చార్జరుతో కలిపి ల్యాప్‌టాప్ రెండు కిలోల దాకా, నీళ్ళు కిలో, నిండు టిఫిన్ బాక్సు దగ్గర దగ్గర కిలో, గొడుగూ తక్కినవీ అర కిలో. అప్పుడే నాలుగున్నర అయింది. ఇక సంచి సొంత బరువుకు మిగిలింది కిలోన్నర.

కాన్వాస్ తేలికైన గుడ్డ కాదు. మంచి గుడ్డతో కుట్టిన 16 లీటర్ల సంచి కిలోకి అటూ ఇటూ తూగుతుంది. తోలు పట్టీలు, ఇత్తడి బకిళ్ళు చేరితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీకు ఇప్పటికే మెడ నొప్పి ఉంటే, లేదా రోజూ రెండు ల్యాప్‌టాప్‌లు మోసే ఉద్యోగమైతే, కాన్వాస్ మీద ఎంత ఇష్టమున్నా తేలికైన నైలాన్ బ్యాగే తీసుకోండి. వానలో బండి మీద తిరిగి పార్శిళ్ళు అందించే వాళ్ళకీ, హిమాలయాల్లో రోజుల తరబడి నడిచే వాళ్ళకీ నేను కాన్వాస్ చెప్పను. మిగతా వాళ్ళకి మాత్రం సంకోచం లేకుండా చెబుతాను.

ఎందుకంటారా? నల్లమలలో నడిచిన వాళ్ళకి రేగు కంపలు, తుమ్మ ముళ్ళు తెలుసు. పల్చటి నైలాన్‌ని ముల్లు లాగితే గీత పడి, ఆ గీత సాగుతుంది. మందపాటి కాన్వాస్ మీద అదే ముల్లు ఒక పోగు లేపి వదిలేస్తుంది. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కేటప్పుడు వీపు మీది సంచి బండలకు ఒరుసుకుంటుంది. అలాంటి రాపిడికి నూలు కాన్వాస్ మెల్లగా అరుగుతుందే తప్ప చప్పున చిరగదు. చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి బెజ్జం పడుతుంది, నూలు గుడ్డ మీద మచ్చ పడి ఊరుకుంటుంది, వెంటనే దులిపేస్తే. ఇవన్నీ ఒక ఎత్తు, చిరిగిన చోట మాసిక వేయగలగడం ఒక ఎత్తు. మన ఊళ్ళో ఏ చెప్పులు కుట్టే ఆయనైనా కాన్వాస్‌కి మాసిక వేస్తాడు.

3. అది నిజంగా కాన్వాసేనా?

షాపులో కాన్వాస్ అని చెప్పి అమ్మేవాటిలో చాలా భాగం పాలిస్టరే. అది చెడ్డదని కాదు, కానీ మీరు డబ్బిచ్చేది దేనికో మీకు తెలియాలి. నూలు కాన్వాస్ అంటే పడుగు పేకల్ని ఒకటి పైన ఒకటి కిందగా బిగించి నేసిన మందపాటి పత్తి గుడ్డ. దాని మందం రెండు రకాలుగా చెబుతారు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పేది జీఎస్ఎం, చదరపు గజానికి ఎన్ని ఔన్సులో చెప్పేది రెండోది. ఒక ఔన్సు అంటే సుమారు 34 జీఎస్ఎం. మీకు అంచనా దొరకాలంటే మీ జీన్స్ ప్యాంటు పట్టుకుని చూడండి. మామూలు జీన్స్ గుడ్డ 12 నుంచి 14 ఔన్సులుంటుంది.

చిన్న సంచికి 12 నుంచి 16 ఔన్సులు, అంటే దాదాపు 400 నుంచి 540 జీఎస్ఎం గుడ్డ సరిగ్గా సరిపోతుంది. 10 ఔన్సుల లోపు గుడ్డ కూరగాయల సంచికి బాగుంటుంది, ల్యాప్‌టాప్ మోయడానికి పనికిరాదు. 18 ఔన్సులు దాటితే సంచి చెక్కలా నిలబడుతుంది, బరువూ పెరుగుతుంది. ఆ మందం అడుగు భాగానికి మాత్రం మంచిదే.

షాపులో నిలబడి చేయగలిగిన పరీక్షలు ఇవి:

గుడ్డను వెలుతురుకు అడ్డంగా పట్టండి. సూది మొన అంత వెలుగు చుక్కలు బారుగా కనిపిస్తే నేత వదులు. అస్తరు ఉంటే ఇది కుదరదు, అప్పుడు ముందు జేబు మూత ఎత్తి చూడండి.

చేతిరుమాలు కొస తడిపి గుడ్డ మీద గట్టిగా పది సార్లు రుద్దండి. రంగు అంటిందా? రేపు మీ తెల్ల చొక్కా వీపుకీ అంటుతుంది. ముదురు నీలం, నలుపు, మెరూన్ సంచుల విషయంలో ఈ పరీక్ష మానకండి.

లోపలి అంచులో వేలాడే గుడ్డ పోగు ఒకటి, కుట్టు దారం కొస ఒకటి ఇమ్మని అడగండి. బయటికొచ్చాక అగ్గిపుల్లతో అంటించి చూడండి. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. గుడ్డ పోగు బూడిద కావాలి, కుట్టు దారం పూస కట్టాలి. కుట్టు దారం కూడా పత్తిదైతే చెమటకీ తడికీ గుడ్డ కంటే అదే ముందు పుచ్చిపోతుంది. అందుకే మంచి సంచులు నూలు గుడ్డను పాలిస్టర్ దారంతో కుడతాయి.

మైనం పట్టించిన కాన్వాస్ గురించి ఒక మాట. చల్లటి దేశాల్లో దాన్ని వానకు బాగా వాడతారు, చూడటానికీ ఎంతో బాగుంటుంది. కానీ మే నెలలో మన రామగుండంలో, రెంటచింతలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఎండలో నిలిపిన కారులో ఆ సంచి వదిలేస్తే మైనం మెత్తబడి చేతికీ చొక్కాకీ జిడ్డు అంటుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. సబ్బుతో ఉతికితే మైనం పోతుంది, మళ్ళీ పట్టించుకోవాలి. మన వాతావరణానికి మామూలు మందపాటి కాన్వాస్ కొని, వానకు లోపల విడిగా ఒక కవరు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

4. సంచిని తిరగేయండి

అసలు పని ఇక్కడుంది. ఈ ఒక్క అంశానికి పావుగంట కేటాయించండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక కాలేజీ అమ్మాయి షాపతన్ని అడుగుతోందనుకుందాం.

"అన్నా, దీన్ని తిరగేసి చూడొచ్చా?"

"చూడమ్మా, చూస్తే అరిగిపోద్దా."

నూటికి తొంభై మంది షాపువాళ్ళు ఇలాగే అంటారు. మొహమాటపడకండి. వద్దని విసుక్కుంటే పక్క షాపుకు వెళ్ళండి.

మొదట భుజం పట్టీల పై అతుకు చూడండి. పట్టీని ఊరికే వీపు గుడ్డ మీద పెట్టి రెండు వరసలు కుట్టేశారా, లేక కుట్టు సందులోకి దూర్చి, పైన ఇంకో గుడ్డ ముక్క అడ్డం వేసి కుట్టారా? రెండోదే కావాలి. అక్కడ చదరంలో అడ్డంగా ఇంటూ గుర్తులా కుట్టి ఉంటే ఇంకా మంచిది, బరువు నాలుగు వైపులా పంచుకుంటుంది. లేదా చిక్కగా అటూ ఇటూ కుట్టిన అంగుళం పొడవు మందపు కుట్టు ఉండాలి. మీ జీన్స్ ప్యాంటు బెల్టు లూపుల దగ్గర ఉంటుందే, అదే.

తర్వాత కింది అతుకు. పట్టీల కింది కొసలు సంచి అడుగు మూలల్లో కలుస్తాయి. ఎక్కువ సంచులు మొదట ఊడేది ఇక్కడే, మనం ఎవరమూ చూడనిదీ ఇక్కడే. ఆ మూలలో చిన్న త్రికోణం గుడ్డ వేసి, పట్టీని దానిలో కుట్టి, ఆ త్రికోణాన్ని పక్క కుట్టులో కలిపి ఉంటే కుట్టినవాడికి పని తెలుసని అర్థం. పట్టీని నేరుగా పల్చటి గుడ్డకు తగిలించి ఉంటే, ఎంత చక్కగా కనిపించినా వదిలేయండి.

మూడోది లోపలి అంచులు. కోసిన గుడ్డ అంచు అలాగే వదిలేస్తే పోగులు ఊడుతూ ఊడుతూ కుట్టు దాకా వస్తాయి. కాన్వాస్‌కు ఈ జబ్బు ఎక్కువ. అంచుల మీద నాడా చుట్టి కుట్టారా చూడండి. కుట్టుకు అవతల కనీసం ఒక సెంటీమీటరు గుడ్డ మిగిలి ఉండాలి. అంతకన్నా తక్కువుంటే గుడ్డ ఆదా కోసం మీ సంచి ఆయుష్షు కోశారన్నమాట.

కుట్లు ఎంత దగ్గరగా ఉండాలి? అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది. ఎంత దగ్గరైతే అంత గట్టి అనుకుంటారు చాలామంది. మందపు గుడ్డ మీద మరీ దగ్గర కుట్లు పడితే సూది బెజ్జాలే వరసగా చిల్లులై, గుడ్డ ఆ గీత వెంట చిరుగుతుంది. కుట్టు వంకర పోయిందా, ఎక్కడైనా దారం ఉచ్చులా లేచిందా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది.

అడుగు భాగం రెండు పొరలుండాలి. బస్సు నేల మీద, బండల మీద, రైలు బెర్తు కింద అరిగేది అదే. కొన్నిటికి అడుగున తోలు వేస్తారు. తోలు బాగా ఆగుతుంది, కానీ మనలో గుడికి తోలు వస్తువులు తీసుకెళ్ళని ఇళ్ళు చాలా ఉన్నాయి. అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకు నడిచే అలవాటున్న వాళ్ళు, మాల వేసుకునే వాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. పైగా వానాకాలం నాలుగు రోజులు తడిగా ఉంటే తోలుకు బూజు పడుతుంది. రెండు పొరల కాన్వాస్ అడుగు నాకు ఎక్కువ ఇష్టం.

5. జిప్పు, బకిలు, పట్టీ

జిప్పు రన్నర్ వెనకవైపు తిప్పి చూస్తే చాలావాటి మీద 5 అనో 8 అనో 10 అనో అంకె ఉంటుంది. మూసినప్పుడు పళ్ళ వరస వెడల్పు సుమారుగా ఎన్ని మిల్లీమీటర్లో అది చెబుతుంది. పెద్ద అరకు 8 మంచిది, చిన్న జేబుకు 5 చాలు. వంపు తిరిగే జిప్పుకు నైలాన్ చుట్ల జిప్పు మెత్తగా నడుస్తుంది. వైకేకే అనే జపాన్ కంపెనీ జిప్పుకు మంచి పేరుంది, అయితే ఆ మూడక్షరాలు ఉన్నంత మాత్రాన అది అసలుదని అనుకోకండి. మూలల దగ్గర పది సార్లు లాగి చూడండి. ఖాళీ సంచిలోనే ఇరుక్కునే జిప్పు, నిండు సంచిలో మీ మాట అసలు వినదు.

బకిళ్ళు ఇత్తడివని చెబితే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే లోపల ఇనుముంది, పైన పూతే. అతుక్కోకపోతే ఇత్తడేనని ఖాయం కాదు, జింకు మిశ్రమానికీ అయస్కాంతం అతుక్కోదు. కానీ తుప్పు పట్టే ఇనుము కాదని తేలింది, అది చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఈ పరీక్ష చాలా అవసరం.

భుజం మీద పడే చోట పట్టీ వెడల్పు 5 నుంచి 6 సెంటీమీటర్లుండాలి. ఊరికే నవారు ముక్కతో చేసిన సన్నటి పట్టీ మూడు కిలోల దాకా పరవాలేదు, అది దాటితే భుజంలోకి దిగుతుంది. లోపల మెత్త మరీ మెత్తగా ఉండకూడదు. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి వెంటనే పైకి రావాలి. పూర్తిగా అణిగిపోయే స్పాంజి ఆరు నెలల్లో అట్ట ముక్కవుతుంది.

6. బరువు వేసి చూడకుండా కొనకండి

ఖాళీ సంచి అద్దం ముందు అందరికీ బాగానే ఉంటుంది. మీ సామాను షాపుకు తీసుకెళ్ళండి. కనీసం ల్యాప్‌టాపూ రెండు నిండు నీళ్ళ సీసాలూ పెట్టి, రెండు భుజాలకూ తగిలించుకుని ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. సంచి పై అంచు మెడ కింది ఎముక కంటే పైకి రాకూడదు. కింది అంచు నడుం దిగి వేలాడకూడదు. వేలాడితే వెనక్కి లాగుతుంది, దాన్ని కాచుకోవడానికి మీరు ముందుకు వంగి నడుస్తారు. పట్టీలు కొంచెం బిగించి చూడండి. వంగి చెప్పులు సర్దుకోండి. ఒక భుజం మీంచి తీసి ముందుకు తెచ్చుకోండి, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో అదే కదా చేస్తాం. ముందుకు తెచ్చుకున్నప్పుడు జిప్పు మీ చేతికి అందుతోందా?

బండి నడిపేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. సర్దుకునే పట్టీల కొసలు జానెడు పొడవు వేలాడుతుంటే వాటిని చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, లేదా కుట్టించేయండి. సంచిని బండి పక్కన తగిలించినప్పుడు ఆ కొస చక్రంలోకో చైనులోకో పోతే ప్రాణాల మీదికొస్తుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు

జేబుల సంఖ్య చూసి మురిసిపోవడం మొదటిది. ప్రతి జేబూ నాలుగు కొత్త కుట్లు, ఒక కొత్త జిప్పు. చిన్న సంచికి లోపల ల్యాప్‌టాప్ అర, బయట ఒక జేబు, పక్కన సీసా జేబు చాలు.

రెండోది, నిండు సంచిని ఒక పట్టీ పట్టుకుని విసురుగా ఎత్తడం. పైన చేతి పిడి ఉన్నది అందుకే. పట్టీ పట్టుకుని గుంజిన ప్రతిసారీ మొత్తం బరువు ఒక్క అతుకు మీద పడుతుంది.

మూడోది, మూడొంతులు మూసిన జిప్పును మోకాలితో నొక్కి మిగతాది లాగడం. జిప్పు మొరాయించిందంటే సామాను ఎక్కువైందని చెబుతోంది. ఒక వస్తువు తీసి చేత్తో పట్టుకోండి.

ఇక ఆన్‌లైన్లో బొమ్మ చూసి కొనేవాళ్ళు. దూరం ఊళ్ళలో ఉన్నవాళ్ళకి అది తప్పదు, నాకు తెలుసు. అలా కొనేటప్పుడు వివరాల్లో నాలుగు వెతకండి: జీఎస్ఎం గానీ ఔన్సులు గానీ, మూడు కొలతలు, ఖాళీ బరువు, లోపలి వైపు ఫోటో. ఈ నాలుగూ చెప్పిన అమ్మకందారు తన సరుకు మీద నమ్మకమున్నవాడు. వచ్చాక మార్చుకునే గడువు లోపలే పై పరీక్షలన్నీ చేయండి.

8. నచ్చింది దొరక్కపోతే కుట్టించుకోండి

చాలామందికి ఈ దారి తట్టనే తట్టదు. మీ ఊళ్ళో స్కూలు బ్యాగులు కుట్టేవాళ్ళు, బండి సీటు కవర్లు కుట్టేవాళ్ళు, టార్పాలిన్ పట్టాలు కుట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గర మందపు గుడ్డ లాగే మిషన్ ఉంటుంది. జాకెట్లు కుట్టే ఇంటి మిషన్ మీద ఈ పని పెట్టకండి, నాలుగు పొరల కాన్వాస్ దగ్గర సూది విరుగుతుంది. పెద్ద మిషన్ మీద కూడా 18 నంబరు సూది వేయమనండి.

గుడ్డ వెడల్పు గజంన్నర ఉంటే ఒకటిన్నర మీటరు తీసుకోండి, రెండు పొరల అడుగుకూ జేబులకూ సరిపోతుంది. కత్తెర పెట్టక ముందే గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. కొత్త కాన్వాస్ మొదటి తడికి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమేదో కోయక ముందే అయిపోవాలి, లేకపోతే కుట్టాక సంచి వంకర పోతుంది. పాత సంచి ఒకటి నమూనాగా తీసుకెళ్ళి, "మాస్టారూ, కొలత ఇదే. కానీ పట్టీల అతుకు మాత్రం ఇలా చదరం వేసి అడ్డకుట్టు వేయాలి, అంచులకు నాడా చుట్టాలి" అని వేలు పెట్టి చూపించండి. బొమ్మ గీసి ఇస్తే ఇంకా మంచిది. తొందర పెట్టకండి, ఒక పూట అక్కడే కూర్చోగలిగితే కూర్చోండి. మీరు శ్రద్ధగా అడిగితే ఆ చేతి పని కూడా అంత శ్రద్ధగా వస్తుంది.

9. వాన, ఉతుకు, రిపేరు

కాన్వాస్ వానకు పూర్తిగా ఆగదు. తడిస్తే పత్తి పోగులు ఉబ్బి నేత సందులు కొంత మూసుకుంటాయి కాబట్టి చినుకుల్లో పది నిమిషాలు నడవొచ్చు. జోరువానలో నీళ్ళు లోపలికి వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, కోస్తాలో అయితే డిసెంబరు దాకా, సంచి లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు మడిచి ఉంచండి. ల్యాప్‌టాప్, ఫోను, కాగితాలు అందులో పెట్టి నోరు చుట్టేస్తే చాలు. బయటి తొడుగు గాలికి లేస్తుంది, వీపు వైపు నుంచి నీళ్ళు కారతాయి. లోపలి కవరుకు ఆ బాధ లేదు.

తడిసిన సంచిని ఇంటికి రాగానే ఖాళీ చేయండి. అన్ని జిప్పులూ తీసి, తలకిందులుగా ఫ్యాను కింద వేలాడదీయండి. ముసురు రోజుల్లో మందపు గుడ్డ ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. తడిగా ఉన్నదాన్ని మడిచి బీరువాలో పెడితే నల్లటి బూజు చుక్కలు పడతాయి, అవి గుడ్డను తినేస్తాయి, ఎంత ఉతికినా మచ్చ పోదు.

ఉతకడం అరుదుగా చాలు. దుమ్ము ఎండాక బ్రష్‌తో దులపండి. పట్టీలకూ వీపు భాగానికీ చెమట ఉప్పు తెల్ల చారలుగా పడితే అంతవరకు చన్నీళ్ళూ కొంచెం సబ్బూ పెట్టి తోమండి. వాషింగ్ మిషన్లో వేయకండి, బ్లీచింగ్ వాడకండి, నీడలో ఆరేయండి. కొత్త సంచిని మొదటిసారి తడిపేటప్పుడు తెల్ల బట్టలకు దూరంగా ఉంచండి.

నెలకోసారి, నీళ్ళ సీసా కడుక్కునే పూటో ఎప్పుడో, పట్టీల నాలుగు అతుకుల మీద వేలు పోనివ్వండి. ఒక దారం లేచి కనిపిస్తే లాగకండి, కత్తిరించి, ఆ వారంలోనే కుట్టించండి. మన చెప్పులు కుట్టే ఆయన మైనం రాసిన గట్టి దారంతో, పాత బెజ్జాల గుండానే రెండు వరసలు వేస్తే ఫ్యాక్టరీ కుట్టు కంటే గట్టిగా ఉంటుంది. పాత బెజ్జాల గుండానే వేయమని మాత్రం చెప్పండి.

జిప్పు రన్నర్ వెనక నుంచి విడిపోతుంటే చాలాచోట్ల జిప్పు మొత్తం మార్చాలంటారు. ముందు పళ్ళు చూడండి. అన్నీ వరసగా ఉంటే దోషం రన్నర్‌ది, దాని దవడలు సాగాయి. కటింగ్ ప్లేయర్‌తో రెండు పక్కలా మెల్లగా ఒకసారి నొక్కి చూడండి, చాలాసార్లు అంతటితో దారికొస్తుంది. రాకపోతే అదే అంకె ఉన్న రన్నర్ ఒక్కటి మార్పించండి. పళ్ళు విరిగితేనే జిప్పు మొత్తం మార్చాలి.